అది వేరే రాయాలా?

సరిగ్గా ఒంటిగంటకు జడ్జిగారు గోడ గడియారం చూసి, ఇక భోజనాలకు లేద్దాం, రెండుంపావుకు మళ్ళీ మొదలుపెడదాం అన్నారు. లేచే ముందు కళ్ళజోడు తీసి, సాక్షి కుర్చీలో ఉన్న గిరిజ వైపు తిరిగి, మీ సాక్ష్యం ఇంకా పూర్తి కాలేదు కనుక ఈలోపల మీ లాయరుతో గానీ మీవారితో గానీ మరెవరితో గానీ కేసు సంగతి మాట్లాడకూడదు అని మెత్తగా చెప్పారు. గిరిజకు అరిచేవాళ్ళంటే భయం లేదు. తెనాలిలో పద్నాలుగు మంది ఉన్న ఇంట్లో పెరిగిన మనిషి, అరుపుల మధ్యే అన్నం తిని పెద్దదైంది. మెత్తగా మాట్లాడేవాళ్ళంటేనే ఆమెకు భయం. తలూపి కిందికి దిగింది. చివరగా అడిగిన ప్రశ్న మాత్రం అక్కడ ఆగలేదు, ఆమె వెంటే వచ్చింది. అడిగినవాడు ఆమె మీద కేసు వేసిన అలేఖ్య తరఫు లాయరు, పొడుగాటి తెల్లాయన, పొద్దుటినుంచి ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. "మీరిద్దరూ సంతకాలు పెడుతుండగా పక్కన కూర్చున్నవాళ్ళెవరైనా, మాగాయ ముక్కలు ఎలా ఆరబెట్టాలో చూపించాలన్నది కూడా కాగితంలో రాయండి అని ఉంటే, మీరేమనేవారు?" అన్నాడు. ఆమె నోరు తెరిచేలోపే ఆమె లాయరు ఉదయభాస్కర్ లేచి, అలాంటి ప్రశ్న అడగకూడదని అభ్యంతరం చెప్పాడు. దాని సంగతి భోజనాల తర్వాత తేలుస్తానన్నారు జడ్జిగారు. అంటే గంటా పావు. గంటా పావు సేపు ఆ ప్రశ్నను ఒళ్ళో పెట్టుకుని, ఎవరికీ చూపించకుండా కూర్చోవాలి.

వరండా చివర కిటికీ పక్కన బెంచీ ఖాళీగా ఉంటే అక్కడ కూర్చుంది. కింద ఆల్బర్ట్ స్ట్రీట్ మీద వాన, బస్సులు, గొడుగు విప్పుదామా వద్దా అని ఆలోచిస్తూ తడిసిపోతున్న జనం. ఈ ఊళ్ళో వానకు వేళాపాళా లేదు, ఎండకూ లేదు, పొద్దున ఆరేసిన బట్టలు సాయంత్రానికి నాలుగుసార్లు తడిసి మూడుసార్లు ఆరతాయి. ఆరడం అన్న మాట తట్టగానే గిరిజ కిటికీ వైపునుంచి మొహం తిప్పుకుంది. దామోదర్ వస్తున్నాడు. ముప్ఫై ఏళ్ళు కాపురం చేసిన మొగుడు, మాట్లాడకూడదన్నారు కాబట్టి మనిషి మొహమే చూడకూడదేమోనని పక్కకు తిరిగి నడుస్తూ వచ్చి, పెరుగన్నం డబ్బా, చెంచా, మడిచిన పేపరు నాప్‌కిన్ బెంచీ చివర పెట్టి, అంతే జాగ్రత్తగా వెనక్కి వెళ్ళి లిఫ్టు దగ్గర నిలబడ్డాడు. మరోరోజయితే నవ్వి చచ్చేది. అసలు అలేఖ్యతో ఆ ఒప్పందం రాసింది ఈయనే. సాఫ్ట్‌వేర్ మనిషి కదా, ఇంటర్నెట్‌లో ఒక నమూనా దొరకబుచ్చుకుని, పేర్లు మార్చి, రెండు పేజీల్లో చక్కబెట్టాడు. పచ్చళ్ళ వ్యాపారం పేరు, గిన్నెలు, సీలు వేసే మెషీను, ఒక నోటుపుస్తకంలో ఇరవైమూడు పచ్చళ్ళ తయారీ, ఇవన్నీ గిరిజ అలేఖ్యకు అమ్మేస్తోంది, పదకొండో అంశం ప్రకారం ఈ కాగితంలో ఉన్నదే మొత్తం ఒప్పందం, ఇంతకుమించి ఏమీ లేదు. ఆ పదకొండో అంశం ఆ నమూనాలో దానంతటదే వచ్చింది. అదేమిటో దామోదర్‌కు కూడా సరిగ్గా తెలియదు, తీసేస్తే ఏమవుతుందోనని వదిలేశాడు. ఇప్పుడు అదే మన కోట అంటాడు ఉదయభాస్కర్.

ఊరి ఉత్తరాన ఆల్బనీలో ఆయన ఆఫీసుకు మొదటిసారి వెళ్ళినప్పుడు, నెల్లూరు మనిషి కావడంతో ముందు అరగంట చేపల పులుసు గురించే మాట్లాడాడు. తర్వాత ఒక్కసారిగా లాయరైపోయాడు. "అలేఖ్య వాళ్ళు అనేదేంటంటే, కాగితంలో రాయకపోయినా, పచ్చడి నిలవుండడానికి ఏమేం కావాలో అన్నీ మీరు చూపించాలన్న షరతు ఆ ఒప్పందంలో ఉన్నట్టే లెక్క అని. కోర్టు అలాంటి రాయని షరతుని ఊరికే చేర్చదు గిరిజగారూ. న్యాయంగా ఉంది కదా అని మన కాంట్రాక్టుని బాగుచేసి పెట్టడం దాని పని కాదు. అది లేకపోతే ఒప్పందమే నడవదు అనేంత అవసరమై ఉండాలి, వేరే చెప్పక్కర్లేనంత తెలిసిన సంగతై ఉండాలి. రాసినదానికి అడ్డం రాకూడదు" అన్నాడు. ఇదంతా ఇంగ్లండు జడ్జీలు నూరేళ్ళకు పైగా నలిపి నలిపి తేల్చిన విషయమట, ఇక్కడి కోర్టులూ చాలావరకు ఆ దారినే పోతాయట. వాళ్ళలో ఒకాయన ఒక ఊహామనిషిని కూడా తయారుచేశాడట. ఇద్దరు బేరం కుదుర్చుకుంటుంటే పిలవని పేరంటంగా వచ్చి పక్కన కూర్చునే మనిషి. ఇది కూడా రాయండయ్యా అని ఆ మనిషి సలహా ఇస్తే, ఇద్దరూ విసుక్కుని, అబ్బా, అది వేరే రాయాలా అని కసిరేస్తే, అదిగో, అది రాయకపోయినా ఉన్నట్టే. ఇది విని గిరిజ నవ్వింది. నవ్వు సగంలో ఆగిపోయింది. ఎందుకంటే ఆ ఊహామనిషి ఆమెకు తెలుసు. పేరు శకుంతల, ఎదురింటావిడ, డెబ్భై ఆరేళ్ళు, బిస్కెట్టు కాఫీలో ముంచుకుని తింటుంది.

తినేది. పోయిన ఆగస్టులో పోయారు. పెరుగన్నం మూత తీసి మళ్ళీ పెట్టేసింది గిరిజ. శకుంతల ఆంటీ ఎవరింటికి వెళ్ళినా ముందు వంటగదిలోకి వెళ్ళి మూతలు ఎత్తి చూసేవారు, సోఫా ఎంతకు కొన్నారని అడిగేవారు, మీ అమ్మాయికి సంబంధం ఎందుకు కుదరలేదని అడిగేవారు. ఆవిడను చూస్తే వాళ్ళ పేట శాండ్రింగ్‌హామ్‌లో సగంమంది కర్టెన్లు లాగేసుకునేవారు. కానీ ఏటా ఫిజీ నుంచి పచ్చి మామిడి దిగిందంటే, అడక్కుండా వచ్చి కత్తిపీట ముందు కూర్చుని సాయంత్రం దాకా కోసిపెట్టింది కూడా ఆవిడే. అందుకే ఆవిడకు తెలుసు. దామోదర్‌కు కూడా అంత తెలియదు, ఇల్లంతా మామిడి వాసన వస్తోందని సణగడం తప్ప. మాగాయ అంటే ముక్కలు చెక్కు తీసి తరిగి, ఉప్పూ పసుపూ వేసి మూడు రోజులు ఊరబెట్టి, గట్టిగా పిండి తీసి, ఊట ఒకచోటా ముక్కలు ఒకచోటా ఎండబెట్టాలి. తెనాలిలోనైతే మేడమీద పాత చీర పరిచి పారేస్తే మే నెల ఎండ అంతా చూసుకునేది. ఇక్కడ మామిడి వచ్చేది డిసెంబరులో, ఎండ ఉన్నట్టే ఉంటుంది, గాలి నిండా తడి. మొదటి ఏడాది ఆరు సీసాలు బూజుపట్టి పారేసి ఏడ్చింది గిరిజ. రెండో ఏడాది తువ్వాలు తీసుకుందామని హాట్ వాటర్ కబోర్డు తలుపు తీసింది. వాళ్ళది పాత చెక్క ఇల్లు. వేడినీళ్ళ సిలిండరు ఉండే ఆ సన్నటి అలమరలో చెక్క పట్టీల అరలుంటాయి, తువ్వాళ్ళూ దుప్పట్లూ వెచ్చగా ఉంటాయని అందులో పెడతారు. మొహానికి పొడి వేడి తగిలింది. అంతే, దుప్పట్లు బయట, ముక్కలు లోపల. రెండు రోజులకు తీస్తే ముక్క వేళ్ళ మధ్య వంగుతోంది, చేతికి తడి అంటడం లేదు. ఆ సంవత్సరం మాగాయ తిన్నవాళ్ళు గిన్నె వంచి మరీ వేసుకున్నారు.

ఆ తర్వాత తొమ్మిదేళ్ళు అదే పద్ధతి. చర్చి హాలు వెనక కిచెన్ అద్దెకు తీసుకుంది, ఊరి కౌన్సిల్‌లో రిజిస్టర్ చేయించుకుంది, అమ్మే పచ్చడి తయారీ అంతా ఆ కిచెన్‌లోనే జరగాలని రూలు. జరిగింది కూడా, ఆ ఒక్క పని తప్ప. ముక్కలు మాత్రం సాయంత్రాలు కారు డిక్కీలో ఇంటికి వచ్చి, అలమరలో రెండు రోజులు ఉండి, మళ్ళీ కిచెన్‌కు వెళ్ళేవి. తనిఖీకి వచ్చే అమ్మాయి చూసే డైరీలో గిరిజ ప్రతిసారీ, ముక్కలు ర్యాకు మీద ఆరబెట్టాము అని రాసేది. రాసేటప్పుడు ఒక్కసారి కూడా తడుముకోలేదు. నోటుపుస్తకంలో మాత్రం మాగాయ దగ్గర, మూడో రోజు ఊట పిండేసి, ముక్కలు బాగా ఆరనివ్వాలి, అని ఒక్క వాక్యం. బాగా అంటే ఎంత? ఎక్కడ? చదివేవాళ్ళకు తెలిసి ఉండాలి కదా, తెలుగువాళ్ళకు ఎవరికి తెలియదు, అని ఇవాళ పొద్దున కూడా కోర్టులో చెప్పింది. చెబుతూ అలేఖ్య వైపు చూడలేదు.

ఎందుకంటే అలేఖ్యకు తెలియదని గిరిజకు తెలుసు. మొదటి పరిచయంలోనే ఆ పిల్ల చెప్పింది. కరీంనగర్ దగ్గర పల్లె, ఇంటర్ నుంచీ హాస్టళ్ళు, ఇక్కడికి చదువుకోవడానికి వచ్చి వృద్ధుల హోమ్‌లో ఆరేళ్ళు పనిచేసి విసిగిపోయిన పిల్ల. "మా దిక్కు మాగాయ పెట్టరు, మాది తొక్కు. మీ మాగాయ తిన్నంక ఇదే నేర్చుకోవాలె అనిపించింది ఆంటీ" అంది. ఆంటీ ఏమిటి, అక్కా అను, అంది గిరిజ. ఆ రోజునుంచీ అక్కా అనే పిలిచింది. ముక్కలు కిచెన్‌లో ర్యాకు మీద, ఫ్యాను కింద, డైరీలో రాసినట్టే ఆరబెట్టింది పాపం, పైకి ఆరినట్టే కనిపించాయి. ఉద్యోగం మానేసి పెట్టిన మొదటి మాగాయ, సంక్రాంతి దాటకుండానే మూతల కింద తెల్లగా పొర కట్టింది. ఎవరో ఫోటో తీసి తెలుగువాళ్ళ గ్రూపులో పెట్టారు. దుకాణాలవాళ్ళు తిప్పి పంపారు. ఇవాళ కేసు పోతే ఆ పిల్లకు ఆ కిచెనూ ఉండదు, ఆ పేరూ మిగలదు, మళ్ళీ ఆ హోమ్‌కే వెళ్ళాలి. గెలిస్తే ఒప్పందం రద్దవుతుంది. పాడైపోయిన పేరుతో వ్యాపారం గిరిజ ఒళ్ళోకి తిరిగొస్తుంది, అబద్ధం రాసిన ఆ డైరీ కూడా.

టైము ఒంటిగంటా నలభై. ఉదయభాస్కర్ లిఫ్టులోంచి వచ్చి ఆమెను చూసి, చూడనట్టు ఫోను తీసుకుని అటు వెళ్ళాడు. ఆ రోజు శకుంతల ఆంటీ ఏమన్నారో ఆయనకు తెలియదు. గిరిజ చెప్పలేదు. సంతకాలప్పుడు ఎవరెవరున్నారని ఆయన అడిగినప్పుడు, ఎదురింటావిడ కాఫీకి వచ్చారు అంది. అబద్ధం కాదు. పొద్దున కోర్టులో అలేఖ్యను అడిగితే ఆమె కూడా అదే చెప్పింది, ఆంటీ ఏవో మాట్లాడుతూనే ఉన్నారని, ఏం మాట్లాడారో గుర్తులేదని. గుర్తులేదు. ఆ మాట వినగానే గిరిజకు ఎంత హాయి కలిగిందో, ఆ హాయిని తలుచుకుంటే ఇప్పుడు అంత అసహ్యంగా ఉంది.

ఎందుకు చెప్పలేదు? కౌన్సిల్ భయం అనుకుంది ఇన్నాళ్ళూ. భయం నిజమే, కానీ ఒక్క అలేఖ్యకు చెవిలో చెబితే కౌన్సిల్‌కు ఎలా తెలుస్తుంది? కబోర్డు వద్దు, ఒక డ్రైయర్ కొనుక్కో, రెండు రోజులు సన్నటి వేడి మీద ఉంచు, అని ఒక్క మాట అంటే సరిపోయేది కదా. నవంబరు, డిసెంబరుల్లో ఆ పిల్ల మూడుసార్లు ఫోను చేసింది, ఒక్కసారి వచ్చి చూస్తారా అక్కా అని. ఒకసారి మోకాలి నొప్పి అంది గిరిజ. ఒకసారి వచ్చే ఆదివారం అంది. మూడోసారి ఫోను ఎత్తలేదు, మోగుతుంటే టీవీ శబ్దం పెంచింది. తర్వాత జనవరిలో ఊరి అవతల ఫ్లాట్ బుష్‌లో ఎవరిదో గృహప్రవేశం. ఒకావిడ విస్తరి ముందునుంచి చెయ్యి పట్టుకుని, నువ్వు మానేశాక మాకిక మాగాయే లేదు గిరిజా, ఆ అమ్మాయికి నీ చెయ్యి రాలేదు అంది. అయ్యో, కొత్త కదండీ, అంది గిరిజ. అంటూనే లోపల బెల్లం ముక్క కరిగినంత తియ్యగా అనిపించింది. మోటర్‌వే మీద తిరిగి వస్తుంటే కూనిరాగం తీసిందట, ఏమిటివాళ అంత హుషారు అన్నాడు దామోదర్. అదీ సంగతి. పేరు అమ్మింది, గిన్నెలు అమ్మింది, నోటుపుస్తకం అమ్మింది, చెయ్యి మాత్రం అమ్మబుద్ధి కాలేదు. అమ్మానని సంతకం పెట్టి, లోపల పెట్టుకుని తాళం వేసుకుంది.

మొహం కడుక్కుందామని లేచింది. బాత్‌రూమ్‌లో కుళాయి దగ్గర అలేఖ్య ఉంది. అద్దంలో ఇద్దరి చూపులూ కలిశాయి. ఏడాదిన్నర అయింది ఆ పిల్ల మొహం ఇంత దగ్గరగా చూసి. కళ్ళకింద నలుపు, కోర్టుకని ఎవరిదో కోటు అడిగి వేసుకున్నట్టుంది, భుజాల దగ్గర వదులు. అలేఖ్య చేతులు తుడుచుకుంటూ, అలవాటు మీద, "తిన్నరా అక్కా?" అంది. అనేశాక తప్పు చేసినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మాట్లాడకూడదు కదా. గిరిజ లేదని తల మాత్రం ఊపింది. ఆ పిల్ల ఒక్క క్షణం ఆగి, తలుపు పట్టుకుని నిలబడి, గిరిజను లోపలికి రానిచ్చాక తను బయటికి వెళ్ళింది. వ్యాజ్యం వేసినదానికి ఈ మర్యాదలేమిటని గిరిజకు కోపం వచ్చింది. కోపం అలేఖ్య మీద కాదని తెలిసి ఇంకా వచ్చింది.

మళ్ళీ బెంచీ. రెండయింది. అడగనిస్తారా, అడగనివ్వరా? అడగనిస్తే ఏం చెప్పాలి? ఏమనేదాన్నో నాకెలా తెలుస్తుందండీ అనొచ్చు. బాగానే ఉంటుంది ఆ జవాబు. లేకపోతే, కుదరదు అనేదాన్ని అనొచ్చు. ఎవరు కాదంటారు? ఆ రోజు పక్కనున్న మనిషి బూడిద మాంగెరె దగ్గర సముద్రపు నీళ్ళలో కలిసిపోయింది. ఎదుటి మనిషికి గుర్తులేదు. మిగిలింది తనొక్కతే. ఆ బల్ల మళ్ళీ కళ్ళముందుకు వచ్చింది. మే నెల, శనివారం పొద్దున, దామోదర్ పక్కగదిలో ప్రింటరుతో కుస్తీ పడుతున్నాడు. అలేఖ్య తెచ్చిన సకినాలు ప్లేటులో ఉన్నాయి. ఆ పిల్ల మొదటి పేజీ కింద పొట్టి సంతకం పెడుతోంది, నాలుక కొంచెం బయటపెట్టి, పరీక్ష రాస్తున్నట్టు. శకుంతల ఆంటీ బిస్కెట్టు ముంచి, సగం విరిగి కాఫీలో పడిపోతే చెంచాతో తీసుకుంటూ, తలెత్తకుండానే, "ముక్కలు ఆరబెట్టే కిటుకు చెప్పావుటే ఈ పిల్లకి? కాగితంలో రాశారా అదీ?" అన్నారు. గిరిజ ఏమంది? విసుక్కుంది. ఈవిడొకతె ప్రతిదానికీ అని విసుక్కుంది. విసుగు, దాని కింద కంగారు, ఆ కంగారు కప్పిపుచ్చుకోవడానికి ఇంకాస్త విసుగు. ఏమందో అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. అలేఖ్య సంతకం ఆపకుండానే నవ్వింది. అక్క చెప్పకుంట ఉంటదా ఆంటీ, అంది. రెండో పేజీ తిప్పింది.

రెండుంపావుకు అందరూ లేచి నిలబడ్డారు, కూర్చున్నారు. సాక్షి కుర్చీ ఎక్కుతుంటే గిరిజ మోకాలు నిజంగానే నొప్పెట్టింది. జడ్జిగారు కాగితాలు సర్దుకుని, అభ్యంతరం మీద తన నిర్ణయం చెప్పారు. ఆ ప్రశ్న సాక్షిని అడగనక్కర్లేదు. ఈవిడ ఏమనేవారన్నది కాదు ఇక్కడ చూడవలసింది. వాళ్ళిద్దరి స్థానంలో మామూలు తెలివి ఉన్న మనుషులుంటే ఆ షరతు అవసరమనీ, వేరే చెప్పక్కర్లేదనీ అనుకునేవారా లేదా అన్నది చూడాలి. అది తేల్చుకోవలసింది నేను. ఉదయభాస్కర్ భుజాలు ఒక అంగుళం కిందికి దిగాయి. పొడుగాటి లాయరు తల వంచి, తన దగ్గర వేరే ప్రశ్నలు లేవన్నాడు. ఉదయభాస్కర్ కూడా లేవన్నాడు, వెంటనే, ఎవరైనా మనసు మార్చుకుంటారేమోనన్నట్టు. చట్టం గిరిజను వదిలేసింది. ఇంత సులువుగా వదిలేస్తుందని ఆమె అనుకోలేదు. దామోదర్ వెనక వరసలో కళ్ళు మూసుకుని ఊపిరి వదిలాడు.

"థాంక్యూ, మీరిక దిగవచ్చు" అన్నారు జడ్జిగారు, అదే మెత్తటి గొంతుతో.

గిరిజ లేచింది. ముందున్న చెక్క పట్టీ మీద చెయ్యి వేసింది. దిగడానికి మూడే మెట్లు, దిగితే ఇల్లు, ఇంట్లో అలమర, అలమర నిండా తువ్వాళ్ళు. అటు అలేఖ్య తల వంచుకుని కోటు అంచు సరిచేసుకుంటోంది. ఆ పిల్లకు గుర్తులేదు. నమ్మింది కాబట్టి గుర్తులేదు, నమ్మిన మాటను ఎవరు గుర్తుపెట్టుకుంటారు. గిరిజ చెయ్యి పట్టీ మీదనుంచి రాలేదు. "అడిగారండీ" అంది, తనకొచ్చిన ఇంగ్లీషులో, తన గొంతు తనకే పరాయిగా వినిపిస్తూ.

జడ్జిగారు కళ్ళజోడు పైనుంచి చూశారు. మిమ్మల్ని ఇప్పుడెవరూ ఏమీ అడగలేదండీ, అన్నారు. ఉదయభాస్కర్ సగం లేచి, ఆమె పేరు పెట్టి పిలిచాడు, ఇక చాలన్నట్టు చెయ్యి ఊపాడు. అలేఖ్య తల ఎత్తింది. ఆ మొహంలో ముందు ఏమీ లేదు, తర్వాత మెల్లగా ఒక బల్ల, ఒక కాఫీ కప్పు, విరిగిన బిస్కెట్టు ఒక్కొక్కటే గుర్తుకు రావడం గిరిజకు స్పష్టంగా కనిపించింది.

"ఇప్పుడు కాదండీ. ఆ రోజు సంతకాల దగ్గర, పక్కన కూర్చున్నావిడ అడిగారు. అది వేరే రాయాలా ఆంటీ, చూపిస్తాగా, అన్నాను." అలేఖ్య వైపు తిరిగింది. "చూపించలేదు."